కౌలు కార్డుకి స్మార్ట్ కాంట్రాక్ట్ రాస్తే: ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు, ఎలా టెస్ట్ చెయ్యాలి

మా కోనసీమలో పొలం ఎవరిది అని అడిగితే ఒక పేరు చెప్తారు, ఆ పొలం ఎవరు చేస్తున్నారు అని అడిగితే ఇంకో పేరు చెప్తారు, ఈ రెండో పేరు చాలాసార్లు ఏ కాగితం మీదా ఉండదు. ఆసామి హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉంటాడు, సార్వా దాళ్వా రెండూ కౌలు రైతే చేస్తాడు, బస్తాల లెక్కన కౌలు కొలుస్తాడు, ఒప్పందం అంతా నోటిమాట. బ్యాంకు లోను కావాలన్నా, పంట పోతే పరిహారం రావాలన్నా "నువ్వెవరు" అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. కౌలు రైతుల కోసం తెచ్చిన 2011 చట్టంలో రుణ అర్హత కార్డులని పెట్టారు, తర్వాత 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు, దాని కింద ఇచ్చేదే సీసీఆర్‌సీ (పంట సాగుదారు హక్కుల కార్డు), అందరూ కౌలు కార్డు అనేది దాన్నే. గడువు 11 నెలలు, భూమి మీద ఏ హక్కూ రాదు, పంట మీదే. కాకపోతే ఆసామి సంతకం పెట్టాలి, అదిగో అక్కడ చాలామందికి బండి ఆగిపోతుంది.

ఈ మధ్య మా వైపు ఇంజనీరింగ్ పిల్లలు కొందరు ఈ కార్డునే ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి తీసుకుని, స్మార్ట్ కాంట్రాక్ట్‌గా (బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రాం, బ్లాక్‌చెయిన్ అంటే చాలా కంప్యూటర్లలో ఒకేలా ఉండే, రాసింది చెరపలేని ఉమ్మడి చిట్టా, ఇకపై చైన్ అంటాను) రాసి, డిసెంట్రలైజ్డ్ ఐడెంటిటీ (ఒకే ఆఫీసు చేతిలో లేని గుర్తింపు) అని పేరు పెట్టి, కొంచెం కోడ్ చూడన్నా అని పంపిస్తున్నారు. చూస్తే దాదాపు అన్నిట్లోనూ ఒకటే వరస, ఒక స్ట్రక్ట్ (వివరాలన్నీ ఒకచోట పెట్టే డబ్బా) పెట్టి అందులో రైతు పేరు, ఊరు, సర్వే నంబరు, ఎన్ని సెంట్లు, ఆధార్ హాష్ (నంబరుని గజిబిజి అక్షరాలుగా మార్చిన ముద్ర) అన్నీ కుక్కేసి, కార్డు ఇచ్చే ఫంక్షన్ ఒకటి చూసే ఫంక్షన్ ఒకటి రాసి, రెండు టెస్టులు గ్రీన్ రాగానే పని అయిపోయిందనుకోవడం. నా గోలేంటంటే, గుర్తింపు కాంట్రాక్ట్‌కి మనిషి గురించి ఏమీ తెలియకూడదు, టెస్టుల్లో సగానికి పైగా "ఫలానావాడు ఈ పని చెయ్యలేడు" అని నిరూపించేవి అయ్యుండాలి.

ముందు మనుషుల్ని విడదీసుకుందాం. కార్డు ఇచ్చేవాళ్ళు ఇష్యూయర్, ఇక్కడ రెవెన్యూ వాళ్ళు. దగ్గర పెట్టుకునేది హోల్డర్, మన కౌలు రైతు. చూసి నమ్మాల్సినవాళ్ళు వెరిఫయర్, అంటే బ్యాంకు, ఊళ్ళో సొసైటీ, ధాన్యం కొనే కేంద్రం. ఇష్యూయర్ తన ప్రైవేట్ కీతో (తన దగ్గరే దాచుకునే రహస్య సంఖ్య, దాని జత అయిన పబ్లిక్ కీతో ఎవరైనా సంతకం సరిచూసుకోవచ్చు) కార్డు మీద డిజిటల్ సంతకం పెట్టి రైతు ఫోన్‌కి పంపిస్తారు, అది ఫోన్లోనే ఉంటుంది, చైన్ మీదకి అసలు రాదు. రైతు దాన్ని బ్యాంకుకి చూపించినప్పుడు బ్యాంకు సాఫ్ట్‌వేర్ కొన్ని ప్రశ్నలు అడుగుతుంది, సంతకం ఎవరిది, అలా సంతకం పెట్టే అధికారం వాళ్ళకి ఉందా, కార్డు మధ్యలో ఏమైనా రద్దయిందా, చూపిస్తున్నవాడు నిజంగా ఆ కార్డు తాలూకు మనిషేనా. చివరిదానికి రైతు ఫోన్ అప్పటికప్పుడు ఇంకో సంతకం పెట్టి చూపిస్తుంది. ఈ కార్డు ఎలా ఉండాలి అనేది డబ్ల్యూ3సీ (వెబ్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ) వాళ్ళు వెరిఫయబుల్ క్రెడెన్షియల్స్ పేరుతో 2019లో మొదటి వెర్షన్, 2025లో రెండో వెర్షన్ ఇచ్చారు, డీఐడీ స్టాండర్డ్ 2022 జూలైలో వచ్చింది. డీఐడీ అంటే భయపడక్కర్లేదు, అదొక పొడుగాటి ఐడీ, దాని వెనక ఏ పబ్లిక్ కీ ఉందో ఎవరైనా వెతుక్కోగలిగే ఏర్పాటు, అంతే.

అంటే చైన్ మీద ఉండాల్సింది ఎంత? ఏ డీఐడీకి ప్రస్తుతం ఏ కీ, ఎవరెవరు ఇష్యూయర్లు, ఏ నంబరు కార్డులు రద్దు. ఇంతే. పేరు లేదు, ఊరు లేదు, పొలం లేదు.

ఇక్కడ నిజాయితీగా ఒకటి చెప్పాలి, కార్డు ఇచ్చేది ఒకే ఆఫీసు, దాన్ని అందరూ నమ్ముతున్నారు అంటే చైన్ అక్కర్లేదు, సంతకం పెట్టిన కార్డుని 2015 నుంచి ఉన్న డిజిలాకర్లో పడేస్తే సరిపోతుంది, ఈ మాట ప్రాజెక్టు పిల్లలకి చెప్తే మొహాలు మాడిపోతాయి. చైన్‌కి అర్థం వచ్చేది ఇష్యూయర్లు పదిమంది అయినప్పుడు, రెవెన్యూ ఒకటి ఇస్తుంది, సొసైటీ అప్పు తీర్చిన సర్టిఫికెట్ ఒకటి ఇస్తుంది, భీమవరం వైపు అయితే రొయ్యల చెరువుల రికార్డు ఇంకెవరో ఇస్తారు, వీళ్ళలో ఒకళ్ళ సర్వర్ని ఇంకొకళ్ళు నమ్మరు, రద్దు చేసిన తేదీని ఎవరూ గుట్టుగా వెనక్కి జరపకూడదు. అలాంటి చోట చూద్దాం.

ఆధార్ హాష్ సంగతి

అన్నిటికన్నా ఎక్కువ కనపడే పొరపాటు ఇది కాబట్టి లెక్క వేసి చూపిస్తా. "ఆధార్ నంబరు పెట్టలేదన్నా, హాష్ చేసే పెట్టాం, హాష్ నుంచి వెనక్కి రాలేం కదా" అంటారు. వెనక్కి రానక్కర్లేదు, ముందుకెళ్తే చాలు. ఆధార్‌లో 12 అంకెలు, మొదటిది 0, 1 ఉండవు, చివరిది మిగతా పదకొండింటి నుంచి లెక్కగట్టే చెక్ డిజిట్. అంటే మొదటి అంకెకి 8 అవకాశాలు, తర్వాత పది అంకెలు, మొత్తం 8,000 కోట్ల నంబర్లు. వినడానికి పెద్దగానే ఉంది కానీ గేమ్స్ ఆడుకునే గ్రాఫిక్స్ కార్డు సెకనుకి కొన్ని పదుల కోట్ల హాష్‌లు వేసి పారేస్తుంది, అంటే కుర్రాడెవడైనా నిమిషాల్లో మొత్తం నంబర్లన్నీ హాష్ చేసి మీ కాంట్రాక్ట్‌లో ఉన్నదానితో పోల్చుకుంటాడు. సర్వే నంబరు హాష్ అయితే ఇంకా దారుణం, ఒక మండలంలో ఉండేవే కొన్ని వేలు. ఆ హాష్ దాచిన వేరియబుల్‌కి సాలిడిటీలో (ఈ కాంట్రాక్టులు రాసే భాష) ప్రైవేట్ అని రాసినా ఉపయోగం లేదు, ప్రైవేట్ అంటే వేరే కాంట్రాక్టులు నేరుగా చదవలేవని మాత్రమే, చైన్ స్టోరేజీని బయటినుంచి ఎవరైనా చదువుకోవచ్చు.

పైగా చైన్ మీద ఒకసారి రాసింది పోదు. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం నా వివరాలు తీసెయ్యండి అని మనిషి అడగొచ్చు, అడిగితే ఏం తీస్తారు? ఆసామిలో సగం భయం కూడా ఇదే, నా పొలం మీద వీడి పేరు ఎక్కడో శాశ్వతంగా పడిపోతుందేమో అని. ఆ భయం చట్టం చదివితే తప్పు, కానీ మీ స్ట్రక్ట్ చదివితే కరెక్టే!

కీ ఎవరిది, గ్యాస్ ఎవరిది

డీఐడీకి కీ కలిపే రిజిస్ట్రీని సొంతంగా కనిపెట్టక్కర్లేదు, ఎథీరియం అనే చైన్‌లో 2018 నుంచి ఈఆర్‌సీ-1056 అని ఒక చిన్న పద్ధతి ఉంది. ఏ ఎథీరియం అడ్రస్ అయినా పుట్టగానే ఒక గుర్తింపే, ముందుగా రిజిస్టర్ చెయ్యక్కర్లేదు, అందుకని మొదట్లో గ్యాస్ (చైన్ మీద పని చేయించడానికి కట్టే ఫీజు) ఖర్చు కూడా లేదు. ఓనర్ని మార్చినప్పుడు మాత్రమే స్టోరేజీలో కొత్త పేరు పడుతుంది, అప్పటిదాకా ఆ గుర్తింపుకి అదే ఓనర్. మిగతా వివరాలు చాలావరకు ఈవెంట్ల (చైన్ చిట్టాలో పడే ప్రకటనల) రూపంలో వదిలేసి, చివరి మార్పు ఏ బ్లాక్‌లో జరిగిందో గుర్తుపెట్టుకుంటుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ముమ్మిడివరం దగ్గర కౌలు రైతు దగ్గర ఈథర్ (గ్యాస్ కట్టే ఎథీరియం డబ్బు) ఎందుకుంటుంది? ఉండదు. కాబట్టి రైతు ఫోన్లో సంతకం మాత్రమే పెడతాడు, ఆ సంతకాన్ని తీసుకెళ్ళి చైన్‌కి పంపించి గ్యాస్ కట్టేది ఇంకొకరు, రైతు సేవా కేంద్రంలో కంప్యూటర్ అనుకోండి. అలా పంపేవాణ్ణి రిలేయర్ అంటారు. ఇలా చెయ్యగానే ఎంఎస్‌జీ డాట్ సెండర్ (కాంట్రాక్ట్‌ని పిలిచినవాడి అడ్రస్) అనేది రైతు కాదు, రిలేయర్. అప్పటిదాకా సెండర్‌ని చూసి నడిచిన రక్షణ అంతా ఎగిరిపోయి సంతకం తనిఖీ మీద పడుతుంది.

ఆ తనిఖీలో ఒక గొయ్యి ఉంది, దగ్గరికెళ్ళి చూడాల్సిందే. సాలిడిటీలో సంతకం నుంచి అడ్రస్ రాబట్టే ఫంక్షన్ ఈసీరికవర్. చెత్త సంతకం ఇస్తే అది ఎర్రర్ ఇవ్వదు, సున్నా అడ్రస్ ఇస్తుంది. ఇంకోపక్క మ్యాపింగ్‌లో (ఒకదానికి ఇంకోటి జత చేసి రాసుకునే పట్టిక) లేనిదాన్ని అడిగితే అదీ సున్నాయే ఇస్తుంది. ఇప్పుడు మీ కోడ్‌లో "సంతకం పెట్టినవాడు ఓనర్‌తో సమానమా" అని ఒక్క లైన్ రాసి ఉందనుకోండి, ఇంకా ఓనర్ రాయని గుర్తింపు ఒకటి తీసుకుని, ఏదో చెత్త సంతకం అంటించి పంపిస్తే, సున్నా సున్నాకి సమానం, లోపలికి దయచేయండి అంటుంది! ఎవడైనా ఆ రైతు గుర్తింపుని తన పేరు మీదకి మార్చేసుకోవచ్చు. 1056లో ఓనర్ ఖాళీగా ఉంటే గుర్తింపునే ఓనర్‌గా తిరిగిస్తుంది కాబట్టి ఈ గొయ్యి లేదు, మన పిల్లలు సొంతంగా రాసినవాటిలో ఉంటుంది. ఓపెన్‌జెపెలిన్ వాళ్ళ ఈసీడీఎస్ఏ లైబ్రరీ (సంతకాలు చూసే రెడీమేడ్ కోడ్) వాడితే సున్నా వచ్చినప్పుడు అదే ఆపేస్తుంది, కానీ వాడాం కదా అని టెస్ట్ మానెయ్యకండి, రేపు ఇంకెవడో గ్యాస్ తగ్గిద్దామని ఆ లైబ్రరీ పీకేసినప్పుడు ఆ టెస్టే పట్టుకుంటుంది.

సంతకంలో ఏమేం కలపాలో కూడా ఇక్కడే తేలాలి. ఒకే సంతకాన్ని రెండోసారి పంపితే పని చెయ్యకూడదు, దానికి నాన్స్ అనే లెక్క నంబరు. టెస్ట్‌నెట్ (ప్రయోగాల చైన్) మీద పెట్టిన సంతకం మెయిన్‌నెట్ (అసలు చైన్) మీద చెల్లకూడదు, దానికి చైన్ ఐడీ. ఒక కాంట్రాక్ట్‌కి ఇచ్చింది దాని పక్క కాంట్రాక్ట్‌లో చెల్లకూడదు, దానికి కాంట్రాక్ట్ అడ్రస్. రిలేయర్ సంతకం దాచుకుని ఆర్నెల్ల తర్వాత పంపకూడదు, దానికి గడువు. సంతకం పెట్టే మెసేజ్ ఎలా ఉండాలో చెప్పే ఈఐపీ-712 పద్ధతిలో చైన్ ఐడీకీ కాంట్రాక్ట్ అడ్రస్‌కీ చోటు ముందే ఉంది, నాన్స్, గడువు మాత్రం మనమే మెసేజ్‌లో పెట్టుకోవాలి. ఒక్కోదానికి ఒక్కో టెస్ట్, ప్రతీదీ ఫెయిల్ అవ్వాల్సిన టెస్టే.

రద్దు చేసిన కార్డుల జాబితా

ఒక్కో కార్డుకి ఒక్కో మ్యాపింగ్ ఎంట్రీ పెట్టి ట్రూ ఫాల్స్ రాస్తే, కొత్త స్లాట్‌లో (స్టోరేజీలో ఒక గడి) రాసిన ప్రతిసారీ 22,100 గ్యాస్ అవుతుంది. ఒక స్లాట్‌లో 256 బిట్లు ఉంటాయి కదా, ఒక్కో బిట్‌కి ఒక కార్డు ఇచ్చుకుంటే మొదటి రద్దుకే ఆ ఖర్చు, అదే స్లాట్‌లో తర్వాత చేసే ఒక్కో రద్దుకి 5,000 చుట్టుపక్కల. ఇది తెలిసిన కిటుకే. దీనికన్నా ముఖ్యమైంది ఇంకోటి ఉంది. బ్యాంకు "4,211వ కార్డు రద్దయిందా" అని నోడ్‌ని (చైన్ కాపీ ఉంచుకుని నడిపే కంప్యూటర్ని) అడిగితే, ఆ నోడ్ నడిపేవాడికి ఫలానా రోజు ఫలానా కార్డు లోన్‌కి వెళ్ళిందని తెలిసిపోతుంది. అందుకే మొత్తం జాబితా తెచ్చుకుని తన దగ్గరే చూసుకోవాలి, గుంపులో కలిసిపోవాలి. డబ్ల్యూ3సీ బిట్‌స్ట్రింగ్ స్టేటస్ లిస్ట్‌లో కనీసం 1,31,072 బిట్లు ఉండాలని పెట్టింది ఇందుకే, మొత్తం 16 కేబీ, వాట్సాప్ ఫోటో కన్నా చిన్నది. ఆ ఫైలు బయట పెట్టి దాని హాష్ మాత్రం చైన్ మీద ఉంచినా చాలు.

11 నెలల గడువుని మాత్రం దీనిలోకి లాగకండి. గడువు తేదీ కార్డులోనే సంతకంతో సహా ఉంటుంది, వెరిఫయర్ క్యాలెండర్ చూసుకుంటాడు, కాంట్రాక్ట్‌కి సంబంధం లేదు. ఒకరి కోడ్‌లో కాంట్రాక్టే గడువు కట్టడం చూశాను, 11 ఇంటూ 30 డేస్ అని. సాలిడిటీలో సెకన్లు, నిమిషాలు, గంటలు, రోజులు, వారాలు ఉన్నాయి, నెలలు లేవు, సంవత్సరాలు కూడా 0.5 వెర్షన్లో తీసేశారు. 11 ఇంటూ 30 అంటే 330 రోజులు. జూన్ 1న ఇచ్చిన కార్డు ఏప్రిల్ 30 దాకా చెల్లాలి, అది 334 రోజులు. నాలుగు రోజులే కదా అంటే, ఆ నాలుగు రోజులూ సరిగ్గా దాళ్వా ధాన్యం కొనుగోలు కేంద్రం ముందు క్యూలో ఉండే రోజులు.

ఫోన్ కాలవలో పడితే

ఇదంతా మా బాబాయ్‌కి చెప్తున్నా, ఆయన మూడెకరాలు కౌలుకి చేస్తాడు. అంతా విని, "బానే ఉందిరా అబ్బాయ్, ఫోను కాలవలో పడిపోయిందనుకో, నేనెవర్ని అవుతాను మరి?" అన్నాడు.

"ముందే ముగ్గురి పేర్లు ఇచ్చి పెట్టుకుంటావు బాబాయ్, అందులో ఇద్దరు సరే అంటే కొత్త ఫోన్‌కి నీ గుర్తింపు మారిపోతుంది."

"ముగ్గురంటే ఇంకెవరుంటార్రా, ఆసామి, ఎరువుల కొట్టాయన, మిల్లాయన. ఆయ్, ముగ్గురికీ నేను బాకీయే."

ఇలా సరే అనేవాళ్ళని పుస్తకాల్లో గార్డియన్ అని రాసినప్పుడు స్నేహితులు, కుటుంబ సభ్యులు అని రాస్తారు. మా ఊళ్ళో ఫోన్ బాగా వాడేవాడు, పదిమందిలో మాట చెల్లేవాడు అంటే రైతు ఎవరికి బాకీ ఉన్నాడో వాళ్ళే. ఆ ముగ్గుర్లో ఇద్దరు కలిస్తే ఆయన కార్డు వాళ్ళ చేతిలోకి పోతుంది. దీన్ని కోడ్ పూర్తిగా ఆపలేదు, కష్టం మాత్రం చెయ్యగలదు. ఇద్దరు ఒప్పుకున్న వెంటనే మారకుండా ఏడు రోజులు ఆగాలి, ఈలోపు పాత కీ ఉన్నవాడు ఒక్క సంతకంతో దాన్ని కొట్టెయ్యగలగాలి, రికవరీ మొదలైందని ఈవెంట్ పడగానే పాత నంబరుకీ ఇంట్లో ఇంకొకరి నంబరుకీ మెసేజ్ వెళ్ళాలి. కీ మారిన రోజే దాంతో లోన్ తీసుకునే వీలు ఉండకూడదు, అది వెరిఫయర్ చూసుకోవాలి, అందుకే కీ ఎప్పుడు మారిందో బ్లాక్ నంబరు కాంట్రాక్ట్ చెప్పగలగాలి.

టెస్టులు రాసేటప్పుడు ఎక్కువ తప్పులు దొరికేది ఈ రికవరీలోనే. ఒకే గార్డియన్ రెండుసార్లు ఒప్పుకుంటే రెండుగా లెక్కపడుతోందా? రికవరీ నడుస్తుండగా గార్డియన్ని తీసేస్తే అతని ఓటు ఇంకా చెల్లుతోందా? రద్దు చేసిన రికవరీకి వచ్చిన పాత ఓట్లు కొత్త రికవరీలోకి మిగిలిపోతున్నాయా? ఏడో రోజు ఆఖరి సెకనులో, ఆ తర్వాతి సెకనులో ఏం జరుగుతోంది? ఫౌండ్రీ అనే టెస్టింగ్ టూల్లో వార్ప్ అనే చీట్‌కోడ్‌తో గడియారాన్ని ఎక్కడికి కావాలంటే అక్కడికి తిప్పొచ్చు, ప్రాంక్‌తో ఎవరి అడ్రస్ నుంచి కావాలంటే వాళ్ళ నుంచి పిలవచ్చు, కాబట్టి ఏడు రోజులు కూర్చోనక్కర్లేదు. హార్డ్‌హ్యాట్ అనే ఇంకో టూల్లోనూ ఇలాంటివే ఉన్నాయి, ఏది వాడినా పర్లేదు.

ఫెయిల్ అవ్వాల్సిన టెస్టుల్లో ఒక మోసం ఉంది, జాగ్రత్త. ఎక్స్‌పెక్ట్‌రివర్ట్ (ఈ పిలుపు రివర్ట్ అవ్వాలి, అంటే కాంట్రాక్ట్ ఒప్పుకోకుండా వెనక్కి తిప్పాలి) అని ఊరికే రాస్తే ఏ కారణంతో రివర్ట్ అయినా టెస్ట్ పాస్. ఇష్యూయర్ కానివాడు కార్డు రద్దు చెయ్యలేడు అని టెస్ట్ రాశారు, కానీ అందులో ఇచ్చిన కార్డు నంబరే జాబితాలో లేదు, కాంట్రాక్ట్ "ఆ కార్డు లేదు" అని రివర్ట్ అయింది, టెస్ట్ గ్రీన్, అధికారం చూసే లైను మాత్రం అసలు రాయనే లేదు. ఏ ఎర్రర్ రావాలో పేరు పెట్టి అడగాలి. కవరేజీ (టెస్టులు ఎన్ని లైన్లు నడిపాయన్న లెక్క) 100 శాతం వచ్చింది అనేవాళ్ళకీ ఇదే మాట, కవరేజీ ఉన్న లైన్లని లెక్కపెడుతుంది, రాయడం మర్చిపోయిన లైన్లని లెక్కపెట్టదు. దానికి మందు, కోడ్‌లోంచి కావాలని ఒక మాడిఫయర్ (ఫంక్షన్ ముందు అధికారం చూసే షరతు) పీకేసి టెస్టులు నడపడం, ఒక్కటి కూడా ఎర్రగా రాలేదంటే ఆ తలుపుకి కాపలా లేనట్టే.

ఆ తర్వాత ఫజ్ టెస్టులు, ఫౌండ్రీ మామూలుగా ఒక్కో టెస్టుకి 256 సార్లు రకరకాల ఇన్‌పుట్లు వేసి చూస్తుంది, గుర్తింపు కాంట్రాక్ట్‌కి ఆ సంఖ్య బాగా పెంచుకోండి, ఖర్చేం లేదు, రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అయిపోతుంది. వాటికన్నా నాకు ఇన్‌వేరియంట్ టెస్టులు ఇష్టం, అంటే ఎవరు ఏ ఫంక్షన్ని ఏ వరసలో పిలిచినా చెడకూడని మాటలు: ఏ గుర్తింపుకీ ఓనర్ సున్నా అవ్వకూడదు, ఒకసారి రద్దయిన కార్డు మళ్ళీ లేవకూడదు, నాన్స్ వెనక్కి రాకూడదు, ఒక ఇష్యూయర్ ఇచ్చిన కార్డు బిట్‌ని ఇంకో ఇష్యూయర్ ముట్టుకోకూడదు. ఇవి తెలుగులో రాసుకుని తర్వాత కోడ్‌గా మార్చండి, తెలుగులో రాయలేకపోతున్నారంటే డిజైనే తేలలేదని అర్థం. కోడ్‌లో తప్పులు వెతికే స్లిదర్ అనే టూల్ కూడా ఒకసారి నడిపి చూడండి, సగం హెచ్చరికలు పనికిరానివి ఉంటాయి, మిగతా సగం కోసం నడపాలి.

అడ్మిన్ సంగతి ఇంకా మిగిలింది. రేపు బగ్ వస్తే మార్చుకోవడానికి ప్రాక్సీ (వచ్చిన పిలుపుల్ని వెనకున్న అసలు కాంట్రాక్ట్‌కి పంపే కాంట్రాక్ట్) పెట్టి అప్‌గ్రేడ్ అయ్యేలా రాస్తారు, ఆ అప్‌గ్రేడ్ కీ మాత్రం ఒక డెవలపర్ ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. అది కాలవ మొత్తం షట్టర్ల తాళాలు ఒకే లస్కర్ (కాలవ కాపలాదారు) చేతికిచ్చి, ఇది రైతులందరి కాలవ అని బోర్డు పెట్టినట్టు. కనీసం ముగ్గురు నలుగురు సంతకం పెట్టే మల్టీసిగ్, దాని ముందు కొన్ని రోజులు ఆగే టైమ్‌లాక్ ఉండాలి. ప్రాక్సీ వాడితే వెనకున్న అసలు కాంట్రాక్ట్‌లో ఇనీషియలైజ్ ఫంక్షన్ని (మొదట్లో ఓనర్ని పెట్టేది) బయటివాడు పిలవగలడా అని తప్పకుండా టెస్ట్ చెయ్యండి. 2017 నవంబరులో పారిటీ కంపెనీ మల్టీసిగ్ వాలెట్ల (ఈథర్ దాచుకునే ఖాతాల) లైబ్రరీకి జరిగింది ఇదే, ఎవరూ ఇనీషియలైజ్ చెయ్యకుండా వదిలేసిన లైబ్రరీకి ఎవడో ఓనర్ అయిపోయి దాన్ని చంపేశాడు, దాని మీద ఆధారపడ్డ వాలెట్లలో 5 లక్షలకి పైగా ఈథర్ అలాగే గడ్డకట్టుకుపోయింది. అక్కడ పోయింది డబ్బు, ఇక్కడ పోతే ఒక జిల్లా కార్డులన్నిటి రద్దు జాబితా.

ఇంత చేసినా చైన్ చెప్పేది "ఫలానా ఆఫీసు ఈ కార్డు మీద సంతకం పెట్టింది, ఇంకా రద్దు కాలేదు" అన్నంత వరకే. ఆ పొలం నిజంగా ఆయనే ఊడ్చాడా అనేది గట్టు మీదకి వెళ్ళి చూసినవాళ్ళకే తెలుస్తుంది, ఈ-క్రాప్ (ప్రభుత్వ పంటల లెక్క) నమోదుకి వచ్చినవాళ్ళు ఇంట్లో కూర్చుని రాసేస్తే చైన్ ఆ అబద్ధాన్ని కూడా అంతే భద్రంగా దాస్తుంది.

కాంట్రాక్ట్ టెస్టులు అయ్యాక వెరిఫయర్ వైపు ఒకటి మిగులుతుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. కోతల టైములో కరెంటు పోతుంది, నెట్ ఉండదు, కొనుగోలు కేంద్రంలో ట్యాబ్ దగ్గర నిన్నటి రద్దు జాబితానే ఉంటుంది. అప్పుడు కార్డు ఒప్పుకోవాలా వద్దా? నా ఉద్దేశం ఏంటంటే ధాన్యం కొనేచోట ఒక్కరోజు పాత జాబితా ఫర్వాలేదు, లోడుతో వచ్చిన మనిషిని వెనక్కి పంపడం కన్నా ఆ రిస్కే నయం, లోన్ ఇచ్చే బ్యాంకు మాత్రం తాజా జాబితా దొరికేదాకా ఆగాలి. ఈ రూల్ కాంట్రాక్ట్‌లో ఉండదు కాబట్టి ఆ ట్యాబ్ యాప్‌లో ఉండాలి, జాబితా ఎప్పటిదో స్క్రీన్ మీద కనపడాలి, నెట్ తీసేసి, తేదీ ఒక రోజు, రెండు రోజులు ముందుకి జరిపి, ఆ యాప్‌నీ విడిగా టెస్ట్ చెయ్యాలి.